బూడిదరంగు బొమ్మ ఖరీదు

ఇంటి వెనకవైపు గది ఆమె బొమ్మలు వేసుకునే గది. కొత్త భవనాల ప్లాన్లు మంజూరు చేసే ఆఫీసులో అధికారి అయిన భర్త, మధ్యాహ్నం లాయరు దగ్గర్నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు.

"మళ్ళీ మొదటినుంచి చెప్పు. ‘గీతలూ మరకలూ తప్ప ఏమీ లేని ఈ బొమ్మకి అంత ఖరీదేమిటమ్మా?’ అని రేపొచ్చే విచారణాధికారి అడుగుతాడు. నువ్వేమంటావ్?"

"కళకి వెల కట్టలేమంటాను."

"అదిగో! అదే వద్దన్నాను. వెల కట్టలేనిదాన్ని మరి ఎలా అమ్ముకున్నారంటాడు. లాయరు చెప్పినట్టు చెప్పు. నా బొమ్మలకి బయట ఆ ధర ఉంది, తెలిసినవాళ్ళు చూసి, నచ్చి కొనుక్కున్నారు. అంతే. ఒక్క ముక్క ఎక్కువొద్దు."

"తెలిసినవాళ్ళు చూసి, నచ్చి కొనుక్కున్నారు."

"కాస్త ధీమాగా చెప్పవే. పాఠం అప్పజెప్పినట్టు కాదు."

"ఏ బొమ్మ గురించి అడుగుతారు?"

"ఏదైనా అడగొచ్చు. లిఫ్టుల కంపెనీ ఆయన కొన్నది, పాలరాయి వ్యాపారి కొన్నది..."

"పాలరాయి ఆయన కొన్నది ఏది?"

"అదే... ఆ ఎర్రది."

"నేనెప్పుడూ ఎర్రది వెయ్యలేదు."

"ఎరుపు కాకపోతే నారింజ. ఇప్పుడదా ముఖ్యం?"

"బూడిదరంగుదండీ. మా అమ్మ చనిపోయిన ఏడు నేను వేసింది. చలికాలమంతా దానిమీదే ఉన్నాను. మీరు రోజూ ఆ గుమ్మంలో నిలబడి ‘ఇంకా కాలేదా, ఇంకా కాలేదా’ అనేవారు. నా బొమ్మంటే ఎంత ఆత్రమో అనుకునేదాన్ని."

"సరే, బూడిదరంగు. గుర్తుపెట్టుకుంటాను. నువ్వు మాత్రం రేపు తడబడకు."

"మొన్న ఆయన దగ్గరికి వెళ్ళాను."

"ఎవరి దగ్గరికి?"

"పాలరాయి ఆయన దగ్గరికి. దుకాణానికి."

"ఎవరు వెళ్ళమన్నారు నిన్ను? విచారణ నడుస్తుంటే కొన్నవాడి గుమ్మం తొక్కుతావా? లాయరుకి తెలిస్తే తల బాదుకుంటాడు. ఎవరైనా చూశారా?"

"నా బొమ్మని చూద్దామని వెళ్ళానండీ. మీమీద విచారణ అన్న దగ్గర్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. మంచి వెలుతురులో, గోడమీద, ఒక్కసారి దాన్ని చూసుకుంటే ధైర్యంగా ఉంటుందనిపించింది."

"చూశావుగా, ఇంకేం."

"గోదాములో ఉంది. పాలరాతి పలకల వెనకాల. చుట్టిన అట్ట కూడా విప్పలేదు. నేను కట్టిన తాడే, నేను వేసిన ముడే. పైన గుండ్రంగా మరకుంది. ఎవరో టీ గ్లాసు పెట్టుకున్నట్టున్నారు."

"వాళ్ళకి తీరికెక్కడిది? కొత్త ఆఫీసు కట్టుకున్నాక పెట్టుకుందామని..."

"నేనూ అదే అడిగాను, ఎప్పుడు తగిలిస్తారని. ఆయన నవ్వాడు. ‘అమ్మా, మేం కొన్నది మీ ఆయన సంతకం కోసం గానీ, మీ సంతకం కోసమా?’ అన్నాడు."

"వాడి నోరు పడిపోను."

"ఎగతాళికి అనలేదండీ. నాకంతా తెలుసనుకుని అన్నాడు. నేనూ మీతో కలిసే ఉన్నాననుకున్నాడు. కుర్చీ తెప్పించాడు, మర్యాద చేశాడు. మంచి ఉపాయం కనిపెట్టారమ్మా మీ దంపతులు అన్నాడు."

"వాడొక తిక్కమనిషి. వాడి మాట పట్టుకుని..."

"లిఫ్టుల ఆయన?"

"ఏం లిఫ్టుల ఆయన?"

"ఆయనా అంతేనా?"

"ఊఁ."

"ఆ ఈతకొలను అపార్ట్‌మెంట్ల ఆయన?"

"ఊఁ... ఇప్పుడివన్నీ తవ్వుకోవడం అవసరమా?"

"నా మొట్టమొదటి ప్రదర్శనలో ఎవరో డాక్టరు గారు పేరైనా చెప్పకుండా పెద్ద బొమ్మ కొనేసి వెళ్ళిపోయాడన్నారు. ఆ వేళ మీరు నన్నెత్తుకుని గిరగిరా తిప్పారు."

"డాక్టరేలే. అబద్ధం కాదు."

"డాక్టరైతే?"

"ఆసుపత్రి మీద ఇంకో రెండంతస్తులు వేసుకున్నాడు."

"నా బొమ్మలు అమ్మిపెట్టే గ్యాలరీ మేడమ్‌కి తెలుసా?"

"తెలియకుండా ఎలా జరుగుతుంది? ఆవిడ కమీషన్ ఆవిడకి."

"ఒక్కటీ లేదా? ఎవరో ఒకరు, దారినపోతూ లోపలికొచ్చి, ఊరికే నచ్చి..."

"ఎందుకు లేదు? మీ అక్క దగ్గరొకటుంది."

"అక్క కొనలేదు. నేనిచ్చాను. అదేమందో తెలుసా మీకు? ‘ఈ పులుముడికి ఇంటి ఖరీదేమిటే, ఎక్కడో తేడాగా ఉంది, మీ ఆయన్ని గట్టిగా అడుగు’ అంది. నామీద కుళ్ళుకుంటోందనుకున్నాను. మాటలు మానేశాను. దానికి ఆపరేషన్ అయితే చూడ్డానికి కూడా వెళ్ళలేదు నేను."

"నేను వెళ్ళొద్దన్నానా?"

"‘నీ పేరు చూసి ఓర్వలేకపోతోంది’ అన్నారు. డ్రాయింగ్ టీచరు ఉద్యోగం మానెయ్యమన్నదీ మీరే. ‘నీ స్థాయికి ఇంకా పిల్లల చేత కుండలూ పళ్ళూ గీయించడమేమిటి’ అన్నారు. మానేశాను. కాలేజీలకెళ్ళి, నిజాయితీగా గీస్తే చూసేవాళ్ళు వెతుక్కుంటూ వస్తారని ఉపన్యాసాలిచ్చాను. ఎన్ని చప్పట్లు కొట్టారో ఆ పిల్లలు! రేపు పేపర్లో చదివితే ఏమనుకుంటారండీ?"

"పేపర్లో రాకుండా చూసుకోవడానికేగా ఇప్పుడు మనం కూర్చుంది! చూడు, నువ్వనుకుంటున్నంత ఘోరమేం జరగలేదు. ఇలాంటి బొమ్మలకి ఎక్కడైనా ధరలెలా వస్తాయనుకుంటున్నావ్? ఒకడికి పన్ను తప్పించుకోవాలి, ఒకడికి నలుగురిలో గొప్ప కావాలి, ఒకడికి ఫైలు కదలాలి. గీతకి ధరేమిటే? ఇచ్చేవాడు ఎంతిస్తే అంత."

"ఇచ్చింది గీతకి కాదుగా."

"గీత పేరు చెప్పే కదా ఇచ్చింది! పోనీ, అందరిలా నేనూ కవర్లు పుచ్చుకుని బీరువాలో కుక్కుకుంటే బాగుండేదా? ఈ గది ఎక్కడిది? ఈ రంగులెక్కడివి? ఎవరి పెళ్ళానికుంది ఇంత వైభోగం? ఇన్నేళ్ళలో ఒక్కరోజు నీ కంట తడి చూశానా? రాణీలా చూసుకున్నాను నిన్ను."

"రశీదు పుస్తకంలా వాడుకున్నారు."

"అను. ఎన్నంటావో అను. రేపు గడవనీ, ఆ తర్వాత తీరిగ్గా తిడుదువుగాని. రేపొక్కరోజు మాత్రం..."

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్తారా?"

"ఇంకా ఏం మిగిలింది?"

"నా బొమ్మలు బాగుంటాయా?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పండి."

"బాగుంటాయి."

"నిజం చెప్పమన్నాను."

"నాకేం తెలుస్తుందే! నాకన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఎటు పైనో ఎటు కిందో కూడా తెలీదు. గ్యాలరీలో ఎవరైనా అడుగుతారేమోనని పక్కకి తప్పుకునేవాణ్ణి. చాలా? తృప్తిగా ఉందా? నాకు తెలియకపోతేనేం, రేపు ఆ అధికారికి మాత్రం నువ్వు..."

"రేపు రారు."

"ఎవరు రారు?"

"పొద్దున వచ్చి వెళ్ళిపోయారు. మీరటు లాయరు దగ్గరికెళ్ళారు, ఇటు వాళ్ళు తలుపు కొట్టారు. విచారణాధికారీ, బొమ్మల విలువ కట్టే ఆయనొకాయనా."

"ఇవాళా? రేపనే కదా చెప్పారు! నాకు ఫోన్ చెయ్యొద్దూ?"

"ఫోన్ పక్కన పెట్టమన్నారు."

"ఏం చెప్పావ్? దేవుడా... ఏం చెప్పావే?"

"కూర్చోండి."

"కూర్చోను! ఏం చెప్పావో చెప్పు ముందు!"

"ఉన్నదంతా చెప్పేద్దామనే కూర్చున్నాను. ఆ గోదాములోంచి బయటికి వచ్చినప్పుడే అనుకున్నాను. నోరు కూడా తెరిచాను."

"చంపావు. నన్ను నిలువునా చంపావు."

"వినండి. నేను మాట మొదలుపెట్టేలోపల ఆ విలువ కట్టే ఆయన లేచాడు. గోడకి ఆనించినవన్నీ ఒక్కొక్కటే వెలుతురులోకి తిప్పుకుని చూశాడు. తొందరపడలేదు. రంగుమీద వేలు పెట్టలేదు. ఆ కిటికీ పక్కనున్న చిన్నదాని ముందు చాలాసేపు నిలబడిపోయాడు. అప్పుడు అధికారితో అన్నాడు... ‘ఈవిడ బొమ్మలకి ఆ ధర ఎక్కువేం కాదండీ, నేనైతే ఇంకా పైనే కడతాను’ అని."

"అన్నాడా? ఆ మాటే అన్నాడా?"

"అన్నాడు. ఆపుకోలేకపోయానండీ, వాళ్ళ ముందే భోరుమన్నాను. పాపం, ఆయనే వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. కొన్నవాళ్ళంతా దొంగలైతే అయ్యారు, బొమ్మ దొంగది కాదు కదా అనిపించింది. దాన్ని నా చేత్తో నేనెందుకు చంపుకోవాలి? అందుకని, నా బొమ్మలకి ఆ విలువుందనే చెప్పాను. రాసుకున్నారు. సంతకం పెట్టాను."

"పెట్టావా! అబ్బ... నా తల్లే, నా బంగారమే!"

"మీకోసం కాదు."

"ఎవరికోసమైతేనేం, గండం గడిచింది! ఆ మాట ముందే చెప్పొచ్చుగా? ఇంతసేపూ నన్ను కాల్చుకు తిన్నావు."

"ముందు మీ నోటితో వినాలనిపించింది. మీరే చెప్తారేమో, చెప్పి క్షమించమంటారేమో అనుకున్నాను."

"అంటాను, వందసార్లు అంటాను. ఇప్పుడు కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఇంకేమన్నాడాయన? అధికారి ఏమన్నాడు? నమ్మాడా?"

"నమ్మినట్టే ఉన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు ఆ విలువ కట్టే ఆయన. మీకు చెప్పాలని లేదు. కానీ ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఉండలేను. ఇన్నేళ్ళలో నా బొమ్మ గురించి అలాంటి మాట ఎవరూ అనలేదు. ఆ చిన్నదాన్ని చూపించి, ‘ఈ తెలుపులో’..."

"‘వాన వెలిశాక ఇంట్లో ఉండే నిశ్శబ్దం ఉంది.’ భలే, ఒక్క ముక్క పోకుండా అప్పజెప్పాడే! ఏమిటలా చూస్తావ్?"

"ఏమన్నారు?"

"ఏం లేదు. ఊరికే అన్నాను."

"ఆ మాట మీకెలా తెలుసు?"

"నువ్వేగా ఇప్పుడు చెప్పింది."

"నేను ‘తెలుపులో’ దగ్గరే ఆగాను."

"అయితే ఎక్కడో చదివుంటాను. ఇలాంటివి పేపర్లలో రాస్తూనే ఉంటారుగా..."

"ఏవండీ."

"అబ్బా! ఆయన్ని లాయరే ఏర్పాటు చేశాడు. సరేనా? ఊరికే ధర చెప్తే అతికినట్టు ఉండదట. నాలుగు మంచి ముక్కలు కూడా పడాలని గ్యాలరీ మేడమ్ చేత రాయించాడు. నాకు చదివి వినిపించాడు, బాగుందన్నాను. ఇందులో తప్పేముంది? నీ గురించి మంచిమాటలేగా! నువ్వు కుంగిపోకుండా గట్టిగా నిలబడతావనే..."

"ఆయన నాకు మంచినీళ్ళు ఇచ్చాడండీ."

"ఇస్తే ఇచ్చాడు."

"దానికీ కలిపే ముట్టజెప్పారా?"

"ఏం మాటలే అవి? జరిగిందేదో జరిగింది. మన మంచికే జరిగింది. సంతకం కూడా అయిపోయింది. ఇక దాన్ని వదిలెయ్... ఎవరికి ఫోన్? అక్కకా? అక్కకి తర్వాత చెయ్యొచ్చు. ఇలా ఇవ్వు. ఇవ్వమంటున్నానా! చూడు, పిచ్చిపని చెయ్యకు, నువ్వూ ఇరుక్కుంటావ్. చేతులారా సంతకం పెట్టావు నువ్వు!"

"పక్కకి జరగండి... హలో. సార్, పొద్దున మీరు వచ్చి వెళ్ళారే, ఆ ఇంటినుంచి. ఆ, నేనే. నేను చెప్పింది మార్చుకోవాలి సార్. లేదు, ఎవరూ బెదిరించలేదు. బొమ్మల విలువ ఎంతో నాకు తెలీదు సార్. వాటికి ధర పెట్టిందెవరో తెలుసు. ఇంట్లోనే ఉన్నారు, రండి."