పాత కంప్యూటర్‌లో పరిగెత్తిన మాక్రో

డిపో గేటు ఎదుట టీ కొట్టు బెంచీ మీద ఆఫీసు గుమాస్తా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. డిపోలో అందరికీ ఆయన ‘సిస్టమ్ బావ’. ఎదురుగా ఓ డ్రైవరు, ఓ మెకానిక్కు, టికెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని ఓ కండక్టరమ్మ.

“గొప్ప కోసం చెప్పడం లేదు గానీ, పోయిన నెల ఆ సోమవారం నేను లేకపోతే ఈ డిపోలో బస్సు చక్రం కదిలేది కాదయ్యా! హెడ్డాఫీసు వాళ్లేమో కొత్త సాఫ్ట్‌వేర్‌లో డ్యూటీ షీటు చేసి పంపారు, అందులో మాక్రో ఒకటి...”

“మాక్రో అంటే?” అన్నాడు డ్రైవరు.

“ఒక్క మీట నొక్కితే ఎవరు ఏ బస్సెక్కాలో షీటు తనంతట తనే రాసేస్తుంది. అయితే మన కంప్యూటర్‌లో ఉన్నది ముసలి వెర్షను, కొత్త మాటలు దాని బుర్రకెక్కవు. పొద్దున్న ఆరింటికి నొక్కితే ఎర్రర్. బయట చూస్తే యాభై రెండు బస్సులు, పరీక్షకెళ్లే పిల్లలు, వాళ్ల అమ్మల కేకలు. నేను కంగారు పడ్డానా? ఒక్క లైను మార్చాను. రయ్యిమని పరిగెత్తింది!”

“ఒక్క లైనేనా?” అన్నాడు డ్రైవరు.

“ఒక్కటే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊపు మీదున్నాను కదా, ఇంకా పాత వెర్షన్‌లో వేసి చూశాను. అందులో అరవై అయిదు వేల వరసలు దాటితే పట్టవు. మిగిలినవాటిని దుప్పటిలా మడతపెట్టి లోపలికి తోసేశాను, ఒక్కటి బయటికొస్తే ఒట్టు! అంతకంటే పాతది కావాలని స్టోరు గదిలోంచి టైపు మిషను తెప్పించాను. మాక్రో పేరు వినగానే అది టకటకా లిస్టు కొట్టేసింది.”

“టైపు మిషనుకి కరెంటే ఉండదు కదా!” అన్నాడు మెకానిక్కు.

“అందుకేగా కరెంటు పోయినా ఆగలేదు! అది సరే, అసలు సంగతి వినండి. షెడ్డు వెనక ఇంజను పీకేసిన బస్సుంది చూడు, అదీ పాత వెర్షనే కదా అని దాని చెవిలో మాక్రో చదివాను. హారన్ కొట్టి, రివర్సు తీసుకుని, స్టాండులో తన నంబరు దగ్గర బుద్ధిగా నిలబడింది! సాయంత్రానికి సాఫ్ట్‌వేర్ కంపెనీ పెద్దాయన ఫోను. ‘బాబూ, నువ్వు ఇలా పాతవాటినే నడిపిస్తుంటే మా కొత్తది ఎవడు కొంటాడు, దయచేసి ఆపు నాయనా’ అని ఒకటే ఏడుపు!”

బెంచీ అంతా గొల్లుమంది. కండక్టరమ్మ గ్లాసు కింద పెట్టింది.

“అన్నయ్యా, ఆ పొద్దున్న మొదటి ట్రిప్పు నాదే. నీ కిటికీ ముందే నిలబడ్డాను. మాక్రో మధ్యాహ్నం దాకా నడవలేదు. నువ్వు చెమటలు కక్కుతూ వదినకి ఫోను చేశావు, ‘నా చేతిరాత ఎవరికీ అర్థం కాదే, ఒక్కసారి రావే’ అని. పాపం, టీచరమ్మ కదా, బడికి టైమవుతున్నా ఆవిడ ఆటోలో వచ్చి, నువ్వు చెబుతుంటే అరగంటలో యాభై రెండు బస్సుల డ్యూటీలూ గుండ్రంగా రాసి గోడకి అంటించింది. అది చూసుకునే మేం బస్సులు తీశాం. పిల్లలు పరీక్షకి అందుకున్నారు.”

సిస్టమ్ బావ తల గోక్కున్నాడు.

“నిజమేనమ్మా. రాసింది ఆవిడే,” అన్నాడు మెల్లగా. వెంటనే మళ్లీ ఛాతీ విరిచాడు. “అయినా చూశావా, పెళ్లయి పాతికేళ్లయిన పాత వెర్షను! నేను ఒక్క ఫోను కొడితే ఎంత స్పీడుగా పని చేసిందో!”

“ఈ ముక్క వదినకి ఇప్పుడే చెప్పేదా?” అంటూ కండక్టరమ్మ ఫోను తీసింది.

సిస్టమ్ బావ సగం టీ అక్కడే వదిలేసి, చెప్పులు వెతుక్కుంటూ ఆఫీసు వైపు పరుగు తీశాడు.