ముక్క తీసే పరీక్ష

ఆ రోజు ఇంట్లో ముగ్గురమే ఉన్నాం: కుట్టుమిషను ముందు అమ్మ, కుర్చీలో అత్త (చర్మం డాక్టరు దగ్గర నర్సు), గుమ్మంలో నేను. అమ్మ చేతి మీది ఉబ్బెత్తు పుట్టుమచ్చ నల్లబడి పెరుగుతోందని, మర్నాడు ముక్క తీసి పరీక్ష చేస్తామని ఆ డాక్టరు చెప్పాడు.

“అయితే వదినా, రేపు మీ డాక్టరు నన్ను శాంపిలు గుడ్డలా కత్తిరిస్తాడన్నమాట.”

“మీటర్లకి మీటర్లేం కోయడులే. పెసరగింజంత. ముందు మత్తు సూది. అదొక్కటే చురుక్కుమంటుంది, తర్వాత నొప్పి ఉండదు.”

“ఉండదని మీకేం తెలుసు? కోసేది నన్ను కదా!”

“పదకొండేళ్ళుగా చూస్తున్నా. జనం అరిచేది సూది గుచ్చితే కాదు, సూదిని చూసి. రక్తం పలచబడే మాత్రలేమైనా వేసుకుంటున్నావా?”

“మీ తమ్ముడితో కాపురం చేస్తున్నా. రక్తం మరగడానికే సరిపోతోంది, పలచబడే తీరికేదీ?”

“సరే, నవ్వాను. రెండు కుట్లు పడతాయి. ఒక రోజు తడి తగలనివ్వకు. ఎర్రబడి వాచినా, చీము పట్టినా వెంటనే చెప్పాలి. ఫలితానికి వారం పైనే.”

“రెండు కుట్లేగా, నేనే వేసుకుంటా. వాళ్ళ కుట్టు వంకరగా ఉంటుంది.”

“వేసుకుందువుగాని. ఏదీ, జాకెట్టు చెయ్యి పైకి లాగు, మచ్చ చూద్దాం.”

“ఈ కాజాలు అయ్యాక.”

“చెయ్యి చూపించడానికి కాజాలు అడ్డమా?”

“సాయంత్రానికి బడిపిల్లల చొక్కాలివ్వాలి వదినా.”

“అత్తా, మచ్చ లేదు.”

“నిన్నెవరడిగారే? నోరు మూసుకుని చదువుకో!”

“లేదా? ఎగిరిపోయిందా కోడలా?”

“అమ్మ దాని మొదలు చుట్టూ బొత్తాల దారం బిగించి కట్టింది. నిన్న ఊడిపోయింది. గుడ్డపీలికలతో పాటు ఊడ్చేసింది.”

“ఓహో! కుట్టుమిషను మీదే డాక్టరు చదువు పూర్తి చేశావన్నమాట!”

“ఊడిపోయింది కదా, ఇంక వెళ్ళడమెందుకని...”

“పైది ఊడితే కింద వేరూ ఊడుతుందా? పరీక్ష దానికే చెయ్యాలి. చెడ్డదైతే అది లోపల్లోపలే పాకుతుంది. దారం కట్టానని రేపు నీ నోటితోనే చెప్పు. దాచావో, ఏదో చిన్న పుండని పంపేస్తాడు.”

“తిడతాడేమో.”

“తిట్టనీ. తిట్లకి కుట్లు పడవు.”

“పాకుతుందంటే... ఎంత దూరం వదినా?”

“ఎందుకు?”

“ఊరికే. పాపా, నువ్వు బయటికెళ్ళు.”

“నేనేం చేశానమ్మా?”

“వెళ్ళమన్నానా! వదినా, ఆ తలుపు వెయ్యండి.”

“వేశా. ఇది పూర్తిగా పడదు, మెల్లగా చెప్పు.”

“చంకలో కూడా ఒక గడ్డ తగులుతోంది.”