గోడ దాటిన మెడ

రెండేళ్ళ ఆదివారాలు ధారపోసి పెరట్లో సిమెంటుతో కట్టుకున్న డైనోసార్ ముందు తాపీమేస్త్రి సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. దాని మెడ గోడ దాటి పక్కింటి వంటగది కిటికీ దాకా పోయింది. భార్య తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఆ సుత్తెందుకండీ?"

"మెడ కొట్టేస్తున్నా. సాయంత్రంలోగా తీయకపోతే తనే పగలగొడతానన్నాడు పక్కింటాయన. వాళ్ళావిడ వంట చేసుకుంటుంటే ఇది తొంగిచూస్తోందట."

"అసలంత దూరం ఎలా పోనిచ్చారు?"

"తోక దగ్గర మొదలుపెట్టానే. మెడ దగ్గరికొచ్చేసరికి మన స్థలం అయిపోయింది."

"ఊరందరికీ కొలిచి ఇళ్ళు కట్టే మేస్త్రి మీరేనా!"

"నవ్వుకో. బట్టలారేసే చోటంతా మింగేసిందని నువ్వూ తిట్టావుగా."

"తిట్టాను. మనింట్లోది, నేను తిడతాను. మధ్యలో వాళ్ళెవరు? కొండంత ఒళ్ళేసుకుని ఆకులూ అలములూ తిని బతికేదన్నారు కదూ?"

"అవును. పాపం, ఒక్క ప్రాణి జోలికి పోయేది కాదు."

"వాళ్ళ బొచ్చుకుక్క పిడికెడు లేదు, ఇద్దర్ని కరిచింది. దాని మెడ ఎవరైనా కొట్టారా? ఇలా ఇవ్వండి సుత్తి."

ఇచ్చేశాడు. ప్రాణం లేచొచ్చినట్టయింది.

"సిమెంటేమైనా మిగిలిందా?"

"అరబస్తా ఉంది. ఎందుకే?"

"కలపండి."

"మరి వాళ్ళకేం చెప్పను?"

"ఇంకా ఎదిగే వయసని చెప్పండి."