మూడో ట్యూబు బతికింది

ఈ సభను నడిపిస్తున్న సంచాలకుల వారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక తలుపు దగ్గర, టీ వచ్చే దారికి సరిగ్గా అడ్డంగా కూర్చున్న నా తోటి పరిశోధక మిత్రులకు (నవ్వులు), అందరికన్నా ముందు ఈరోజు పదవీ విరమణ చేస్తున్న మా మేడమ్‌కు నమస్కారం.

వారం రోజులు కూర్చుని, కొట్టేసి, మళ్ళీ రాసుకున్న ఈ ప్రసంగం ఈ పొద్దున్న పనికిరాకుండా పోయింది. ఏం జరిగిందో చెప్పేముందు, అదిగో, ఆ మూల కూర్చున్న అంకుల్ కోసం రెండు మాటలు. అంకుల్ అంటే మేడమ్ వాళ్ళాయన, ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. మా ప్రయోగశాల గదికి వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "నేను గోడలు కట్టి బతుకుతుంటే మీ మేడమ్ గోడల్లేనివాటిని సాకుతోంది, మా సంసారం ఎలా నిలబడిందో దానిమీద చెయ్యండమ్మా పరిశోధన." (నవ్వులు)

అంకుల్, బాక్టీరియాల్లో చాలావాటికి ఒంటి చుట్టూ గట్టి గోడ ఉంటుంది. మా దగ్గర పెరిగేవాటికి అది లేదు, ఉన్నదల్లా పలచని కొవ్వు పొర. ఆ పొర మరీ వదులైతే చిరుగుతుంది, మరీ బిగుసుకుంటే పెళుసవుతుంది. అందుకని వీటిలో చాలా రకాలు తామున్న జంతువు ఒంట్లోంచి కొలెస్టరాల్ లాక్కుని ఆ కొవ్వు మధ్య ఇరికించుకుంటాయి. డాక్టర్లు తగ్గించుకోమని మొత్తుకునే కొలెస్టరాలే. ముందు వరుసలో కొందరు పెద్దలు వీటికి ధారాళంగా దానం చేయగలరు. (నవ్వులు) ఇంకో రకం మాత్రం ఎవరి దగ్గరా చెయ్యి చాపదు. క్యారెట్‌కు రంగునిచ్చే కెరోటినాయిడ్ల కుటుంబంలోని పసుపు రంగును తానే తయారు చేసుకుంటుంది. ఆ రంగు అణువులు పొరకు అడ్డంగా దూలాల్లా నిలబడి కొలెస్టరాల్ పని చేస్తాయని, రంగూ కొలెస్టరాలూ రెండూ లేకపోతే ఆ ప్రాణి బతకదని మేడమ్ నేను పుట్టకముందు నుంచీ చెబుతున్నారు. ఇందాక సంచాలకుల వారు "ఆమె సిద్ధాంతం చెక్కుచెదరలేదు" అన్నప్పుడు మీరంతా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను.

మేడమ్‌కు బహుమతిగా ఏమిద్దామా అని తర్జనభర్జన పడ్డాం. మెరుపు కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టిన ఆ పొట్లం ఏమిటో రహస్యమట, కానీ ఇక్కడిదాకా టిక్కుటిక్కుమంటోంది. (నవ్వులు) నాకది నచ్చక, మేడమ్ సిద్ధాంతాన్నే మూడు గాజు ట్యూబుల్లో పెట్టి ఇద్దామనుకున్నాను. మొదటిదాంట్లో మామూలుగా రంగు చేసుకునేవి. రెండోదాంట్లో రంగు తయారీ ఆగిపోయే మందు వేసి, బదులుగా కొలెస్టరాల్. మూడోదాంట్లో మందు ఉంటుంది, కొలెస్టరాల్ ఉండదు. అది తేటగా, చచ్చి, ఖాళీగా ఉండాలి. అదే నా బహుమతికి అందం.

ఈ పొద్దున్న, ట్యూబుల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తలుపు తీశాను. మూడో ట్యూబు మసకగా ఉంది. యంత్రంలో గిర్రున తిప్పి చూస్తే అడుగున ఒక చుక్క పేరుకుంది. పసుపు లేదు. తెల్లగా ఉంది. ప్రాణంతో ఉంది.

ట్యూబు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. మేడమ్ కొత్త బట్టల్లో వచ్చి, "ఏంటే, అలా నిలబడ్డావ్? నేను రిటైరవుతున్నాను, పోవట్లేదు" అన్నారు. (నవ్వులు)

"మూడోది బతికింది మేడమ్."

"వేరేదేదో పడుంటుంది. పారబోయ్."

"నాలుగు రోజుల కిందే మూడింట్లోంచీ తలా ఒక చుక్క పళ్ళెంలో పరిచి పెట్టాను మేడమ్, ఇందాక తీసి చూశాను. అవే."

మేడమ్ సూక్ష్మదర్శిని మీదకు వంగారు. పెనం మీద కొట్టిన గుడ్డులా మధ్యలో ముద్ద, చుట్టూ పలచని అంచు, అచ్చం మా గోడలేనివాళ్ళే. ఆవిడ ఎంతకీ తల ఎత్తలేదు. ఏడుస్తున్నారేమో అనుకుని నీళ్ళు తెచ్చాను. తల ఎత్తాక చూస్తే, ఏం చెప్పను, ఆ మొహంలో వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ట్యూబు బతికినందుకంటే దానికే ఎక్కువ అదిరిపోయాను.

"ఇప్పుడు సభలో ఏం చెబుతావ్?"

"రాసుకొచ్చిందే చదివేస్తాను మేడమ్. ఈ ఒక్కరోజుకీ..."

"చదివితే నీకూ నాకూ చెల్లు. పొగడ్తలు మూటగట్టుకుని ఇంటికెళ్ళి నిద్రపొమ్మంటావా నన్ను? చూసింది చెప్పు."

చెప్పాను. ఒక్క ట్యూబుతో ఇన్నేళ్ళ మాట కూలిపోదని నాకూ తెలుసు. పెంచే ద్రవంలో కొలెస్టరాల్ జాడ మిగిలి ఉండొచ్చు, మందు రంగును పూర్తిగా ఆపకపోయి ఉండొచ్చు. లేదా ఆ పొర మేమనుకున్నదానికంటే తెలివైనది కావొచ్చు. తెలియాలంటే ఆ కొద్దిపాటి ప్రాణాన్ని ఈరోజే కొత్త ద్రవంలోకి మార్చాలి, వెచ్చగా ఉంచాలి. కానీ ఈ సాయంత్రం మా గదికి కరెంటు తీసేస్తున్నారు. రేపటినుంచి అది విరిగిన కుర్చీల గది. స్టోరు అధికారి మా ఇంక్యుబేటర్‌కు స్టోరుకు తరలించాలని చీటీ కూడా అంటించారు. అయ్యా, మీమీద కోపం లేదు, చీటీ మాత్రం ఎంత పీకినా రావట్లేదు. (నవ్వులు)

సంచాలకుల వారూ, సభామర్యాద కాదని తెలిసే అడుగుతున్నాను. ఆ స్విచ్ ఆపించకండి.

("ఎన్నాళ్ళు కావాలమ్మా?" అని సంచాలకులు అడిగారు.)

తెలీదు సార్. తెలిస్తే అడిగేదాన్నే కాదు.

(సంచాలకులు స్టోరు అధికారి వైపు తిరిగి, "ఆ గది జోలికి వెళ్ళకండి" అన్నారు. చప్పట్లు.)

ధన్యవాదాలు సార్. చాలా. అంకుల్, రేపటినుంచి పొద్దున్నే ఇద్దరూ కలిసి నడకకు వెళ్దామనుకున్నారట, మన్నించండి. వచ్చిన పెద్దలందరికీ, ఓపిగ్గా విన్న మిత్రులకూ కృతజ్ఞతలు. మేడమ్, మీ గురించి చెప్పాలనుకున్న అసలు మాట...

(వేదిక మీద మేడమ్ కుర్చీ ఖాళీగా ఉంది.)

అదిగో, తలుపు దాటేశారు. గడియారం కూడా తీసుకోలేదు. ఆ కొత్త బట్టల మీదే ట్యూబు మార్చేస్తారు, నేను పరిగెత్తాలి. వీడ్కోలు పుచ్చుకోవాల్సిన మనిషే పనిలోకి వెళ్ళిపోయాక నేనింకా ఇక్కడ ఎవరికి చెప్పను? సెలవు.