ఎక్కే పిలుపు

ఆదోని దాటి ఎమ్మిగనూరు రోడ్డెక్కగానే పాతబండ్లు అమ్మే మద్దిలేటి షెడ్డు. బండలాగుడు పోటీగిత్తలు రెండింటికీ ఒక బండి చూసి పెట్టమని సావుకారు పంపితే, ఆ గిత్తల్ని మేపే రామాంజి పొద్దున్నే వచ్చి కనపడిన ప్రతి బండినీ తట్టి తడిమి చూస్తున్నాడు.

"ఇది గూడ వద్దంటావా?"

"వద్దన్నా. ఎత్తు శానా ఉండాది. ఎక్కేటప్పుడే మోకాళ్ళు నొప్పి పుడితే బండ కాడ ఏం లాగుతారు?"

"పోనీ ఆ ట్రాక్టర్ ట్రాలీ?"

"దానికి కమాన్లు యాడుండాయన్నా? గతుకు గతుకూ నడుముకు తగులుతాది. దిగేసరికి గిత్తలు గాదు, మూటలైతాయి."

"నాలుగు సూపిస్తి, నాలుగింటికీ వంకలు పెడితివి. పెండ్లికూతుర్ని సూసినట్ల సూస్తాండావే!"

"పెండ్లికూతురైతే నేను సర్దుకుంటాన్లే అన్నా. ఈడ సర్దుకునేది నేను గాదు, మైలోడు, సిన్నోడు."

"ఎవరన్నా ఇంటే నీ కొడుకులనుకుంటారు."

"పాలపండ్ల దూడలప్పుడు పెద్దకడుబూరు నించి నడిపించుకోని వచ్చినా. ఇప్పుడు ఆరుపండ్ల పోటీకి దిగుతాండారు. నాలుగేండ్లాయ. ఈ నాలుగేండ్లలో నేను ఇంట్లో పండుకునింది చేతి ఏళ్ళు మడిచి లెక్కపెట్టొచ్చు. మా చౌడమ్మ అంటాది, నన్ను ఒక్కనాడన్నా మైలోన్ని పిలిచినట్ల పిలిచినావా అని."

"అడగదా మరి! సరే, ఆ నీలంరంగు డీసీఎం వ్యాను సూడు. రెండు గిత్తలు పక్కపక్కనే నిలబడతాయి. నడుమ ఇంకా జానెడు మిగులుతాది."

"జానెడు సాలదన్నా. నడుమ మనిషి పట్టాల."

"మనిషెవరు?"

"నేనే. ఇంకెవరు?"

"డ్రైవర్ పక్కన సీటుండాది గదప్పా, మెత్తగా. ఏంటికి ఎనక నిలబడేది?"

"నీకు తెలీదన్నా. బండి మలుపు తిరిగితే ఒకడు నా మీదికి ఒరుగుతాడు. బ్రేకేస్తే ఇంకొకడు. ఇద్దరికీ నడుమ నేనొక గోడ. యీపు మీద చెయ్యి ఉన్నంతసేపు నిమ్మళంగా నిలబడతారు. తీస్తే ఒళ్ళంతా అదురుతాది."

"పోయిన ఏడు కృష్ణగిరి కాడ ఆ గోడ కూలిపాయ గదా!"

"అది బాడుగ బండన్నా. గతుకు కాడ దబ్బున బ్రేకేసినాడు. మైలోడు జారి నా పాదం మీద పడినాడు. వానిదేం తప్పు?"

"మూణ్ణెల్లు కొట్టంలోనే మంచంలో ఉంటివి. ఇప్పుడు గూడ కుంటుతాండావు. వానిదేం తప్పులేదంట!"

"వాడు లేసి నా మొగం నాకినాడన్నా. డ్రైవర్ కిందికి దిగను గూడ దిగలేదు."

"నీతో మాట్లాడి గెలవలేనప్పా. ఇదో, ఎనక తలుపు సూడు. కింద పడేస్తే ఎక్కేదానికి వాలుగా పలకైతాది."

"ఏదీ... కీళ్ళు గట్టిగానే ఉండాయి. ఎడల్పు గూడ సరిపోతాది. ఇది బాగుందన్నా. పలక మీద అడ్డం కమ్మీలు కొట్టియ్యాల, గిట్టలు జారకుండ. కింద మా కొట్టంలో మట్టి నాలుగు తట్టలు పోస్తా."

"మట్టేంది? రబ్బరుషీటు ఏసిస్తా గదా నేను."

"రబ్బరు వాసనకు మైలోడు ముక్కు తిప్పుకుంటాడు. వాళ్ళు తొక్కిన మట్టి వాసన రావాల. అట్లైతే యాడికి పోయినా మన కొట్టంలోనే ఉండామనుకుంటారు."

"మట్టి పోస్తివి. ఎక్కినాయనుకో..."

"వాళ్ళంతట వాళ్ళు యాడ ఎక్కుతారు? నేను ముందర ఎక్కి పిలవాల. నాలుగేండ్లలో ముల్లుగర్ర సూపిచ్చింది లేదు, తోక మెలేసింది లేదు. ఒక్క పిలుపు. ముందు మైలోని పేరు, ఆనెక సిన్నోని పేరు. కాడిలో కుడిపక్కోన్ని ముందు పిలవాల. తారుమారైతే ఇద్దరూ కదలరు."

"వేరేవాళ్ళు పిలిస్తే?"

"మా సావుకారు శేఖరప్ప ఒకసారి పిలిచి సూసినాడులే. మేత నములుతా ఆయప్ప దిక్కు అట్లనే సూసినారు. ఆయప్పకు మొగం ఎర్రగైపాయ."

"నవ్వుతాండావే!"

"నవ్వనా మరి? కాలు కుంటిదైనప్పట్నించి మా ఇంట్లో ఒకటే దిగులన్నా, పని పోతాదేమో అని. నేను చౌడమ్మకు ఒకటే సెప్పినా. నేను ల్యాకుండ వాళ్ళు బండెక్కరు. వాళ్ళు బండెక్కకుంటే ఎమ్మిగనూరు జాతర లేదు, పోటీ లేదు, శేఖరప్ప పేరు మైకులో సెప్పేది లేదు. నన్ను తీసేసేది ఆ దేవునివల్ల గూడ గాదు."

"గట్టిగా అనొద్దప్పా. అద్దో, ఆయప్పే వస్తాండాడు."

కారు దిగిన రాజశేఖర్ ఆదోనిలో పేరున్న పత్తి వ్యాపారి. గిత్తలు ఆయనవి, గెలిచిన కప్పులు ఆయనవి, పేడ ఒక్కటే రామాంజిది.

"ఏం రామాంజీ, కుదిరిందా?"

"కుదిరినట్లే శేఖరప్పా. ఈ నీలంది. కొంచెం కమ్మీల పని ఉండాది, అంతే."

"డీసీఎం ఏంటికి? ట్రైలర్ సూసినావా లేదా?"

"ట్రైలరా?"

"మద్దిలేటీ, సూపియ్యలేదా? నువ్వే గదా నాకు ఫోటో పంపితివి."

"అది... ఎనక ఉండాది శేఖరప్పా. సూపిద్దామనే... ఇంతలో మీరే వస్తిరి."

"రా రామాంజీ, సూడు. ఎట్లుంది?"

"అంతా మూసేసి ఉండాదే శేఖరప్పా, బీరువా మాదిరి!"

"మూయకుంటే దుమ్ము. లోపల ఫ్యాన్లుండాయి, కెమెరా ఉండాది. నా బండి ఎనక తగిలించుకుంటే ముందర స్క్రీన్‌లో గిత్తలు కనపడతాంటాయి. జాతరలో దిగితే పోటీ మొదలుగాకముందే జనం నోరు తెరవాల."

"అరలు ముందొకటి ఎనకొకటి ఉండాయే. పక్కపక్కన గాదా?"

"అట్లుంటే ఏమి?"

"వాళ్ళు ఎప్పుడూ ఇడిపోలేదు సామీ. ఒకని ఒళ్ళు ఒకనికి తగలతా ఉండాల."

"ఎమ్మిగనూరెంత దూరం రామాంజీ? ఆ కాసేపటికి సస్తాయా?"

"సావరనుకో... సరే, నేను యాడ నిలబడాల?"

"ఏమంటివి?"

"లోపల. నేను యాడ నిలబడాల? అరంతా గిత్తకే సరిపాయ."

"ట్రైలర్‌లో మనుషులుండకూడదు. పోలీసోళ్ళు పట్టుకుంటారు."

"అయితే ఎనకాల మోటార్ సైకిల్ మీద వస్తా."

"ఆ కాలుతోనా? వద్దులే. ఆస్పత్రిలో నిన్ను సూసినప్పుడే అనుకున్నా, ఈ మనిషిని ఇంక కష్టపెట్టకూడదని."

"కష్టమని నేనెప్పుడన్నా సెప్పినానా?"

"నువ్వు సెప్పవు. అందుకే నేను సెప్తాండా. ఆలూరు నించి ఒకాయన్ను మాట్లాడినా. సదువుకున్నాడు. దాణా, నీళ్ళు అన్నీ టైము ప్రకారం రాసిపెట్టి మేపుతాడు."

"శేఖరప్పా, అంటే నన్ను..."

"పొమ్మన్లేదు గదా. మిల్లు గేటు కాడ కూర్చో. కుర్చీ ఏపిస్తా. సల్లగా నీడుంటాది."

"గేటు కాడ నాకేం పని?"

"కూర్చునేదే పని."

"వాళ్ళు ఎక్కరు సామీ."

"ఏమి?"

"నేను పిలవకుంటే వాళ్ళు ఎక్కరు. బంగారు బండి తెచ్చినా ఎక్కరు. మద్దిలేటన్నకు గూడ ఇప్పుడే సెప్తిని."

"తెలుసు. నిన్ను ఈడికి రమ్మనింది ఏంటికనుకున్నావు? ఇదో ఫోను. పిలువు."

"ఎవర్ని?"

"గిత్తల్నే. రోజూ ఎట్ల పిలుస్తావో అట్ల. రికార్డు చేసుకుంటా. ట్రైలర్ లోపల స్పీకరు పెట్టిస్తాండా."

"ఈడ వాళ్ళు లేరు గదప్పా."

"లేకుంటే ఏమి, నీ గొంతుండాది గదా."

"లేనోళ్ళని ఎట్ల పిలిచేది?"

"రామాంజీ, ఎండ మండుతాంది. నాకు మిల్లు కాడ పనుండాది."

"గొంతు ఒకటే గాదు శేఖరప్పా, మనిషి వాసన గూడ..."

"మద్దిలేటీ, నువ్వన్నా సెప్పు."

"నేనేం సెప్పేది శేఖరప్పా. ఆయన గొంతు, ఆయనిష్టం."

"ఆయన గొంతేంది? నాలుగేండ్లు నా కూడు తిన్న గొంతది!"

"అన్నను ఏమనొద్దు సామీ. పిలుస్తా. ఇట్ల పెట్టు ఫోను."

"ఊ, కానియ్యి."

"హొయ్... రా నాయనా మైలా... రా రా. సిన్నా... రా నాయనా... నేనుండాలే, రాండి."

"అంతేనా? సాలు, వచ్చింది."

"ఉండప్పా. నాకొకసారి ఇనిపియ్యి."

"ఏంటికి?"

"ఇనిపియ్యి సామీ."

"ఇదో, ఇను."

"సిన్నోని పేరు కాడ గొంతు వణికినాది. ఇది పనికిరాదు. తీసెయ్యి, మళ్ల పిలుస్తా."

"బాగానే ఉందిలేప్పా."

"నీకు బాగుంటే సాలదు. వణికితే లోపల ఏదో భయముందని వాళ్ళకు తెలిసిపోతాది. పెట్టు ఫోను."

"సరే, కానియ్యి జల్దీ."

"హొయ్... రా నాయనా మైలా... రా రా! సిన్నా, రా నాయనా! నేనుండాలే, రాండి!"

"అయిపాయనా?"

"అయిపాయ. 'నేనుండాలే' అనేది ఈసారి గట్టిగా వచ్చినాది. ఇది ఉంచుకో."

"ఎంత మంచోనివప్పా... మనిషంటే ఇట్లుండాల. రేపట్నించి మిల్లు కాడికి రా. మద్దిలేటీ, ట్రైలర్ కడిగించి పెట్టు. సాయంత్రం మనుషుల్ని పంపిస్తా."

కారు వెళ్ళిపోయింది. లేపిన దుమ్ము మాత్రం షెడ్డులోనే ఉండిపోయింది.

"కొంచెం నీళ్ళియ్యన్నా. గొంతు ఎండిపాయ."

"తాగు. తాగి సెప్పు, నువ్వసలు మనిషివేనా? ఉన్న ఒక్క ఆధారం చేతులారా ఆయప్ప జోబులో ఏస్తివే!"

"నువ్వు ట్రైలర్ ఏంటికి సూపియ్యలేదన్నా పొద్దున్నించి?"

"ఏంటికేంది? నీకు డీసీఎం నచ్చితే ఆయప్ప గూడ దానికే సరేనంటాడేమో అనుకుంటి. ఆయప్ప అప్పుడే అంతా అనుకోని ఉండాడు. అమ్మేవాన్ని నేను, నాకే కడుపు మండుతాందప్పా. నీకు మండలేదా?"

"సాయంత్రంలోపల మట్టి తెచ్చిస్తా, నాలుగు తట్టలు. ట్రైలర్‌లో రబ్బరు మీద పరిచిపెట్టు. ఆయప్పకు సెప్పొద్దు."

"ఇంకా మట్టి గోలేనా! నేనొకటి అడుగుతా, సెప్పు. ఏది సరైన పిలుపో ఆయప్పకు తెల్సా?"

"తెలీదు."

"నాకు నువ్వు సెప్పబట్టి తెల్సు. మైలోని కంటే ముందు సిన్నోని పేరు అనింటే సరిపోయేది గదా! జాతరనాడు ఎక్కమంటే గిత్తలు ట్రైలర్ ముందర నిలబడి మేత నములుతాండేవి. పోటీ టైమైపోతాంటే ఆయప్ప కారేసుకోని నీ ఇంటికి పరిగెత్తుకోని వచ్చేవాడు, కాళ్ళబేరానికి. ఒక్క పేరు తారుమారు సేస్తే సాలు. ఆ మాత్రం తెలివి రాలేదా నీకు?"

"వచ్చినాదన్నా."

"వచ్చినాదా?"

"రెండోసారి పిలిచేటప్పుడు సిన్నోని పేరే ముందు నాలిక మీదికొచ్చినాది."

"మరేంటికి మింగితివి?"

"ఎక్కకుంటే వాళ్ళని కొడతారన్నా."