రెల్లులో సున్నా

సరస్సు ఒడ్డున ఇల్లు. మే నెల, గురువారం మధ్యాహ్నం. బఠాణీ సూప్ ముందు సిక్స్‌టెన్, అతని భార్య మాయ్‌బ్రిట్, నిన్ననే పట్నం నుంచి వచ్చిన కూతురు తూవా.

“ఇది తీపి ఆవముద్ద, మాయ్‌బ్రిట్. గురువారం సూప్‌లోకి ఘాటుది కావాలని ఎన్నేళ్ళు చెప్పాలి?”

“ఘాటుది అయిపోయింది.”

“అయిపోయిందని చెప్పాలిగా.”

“సోమవారం చెప్పాను. మంగళవారం చెప్పాను.”

“నాకు చెప్పలేదు.”

“నీకే చెప్పాను, సిక్స్‌టెన్. సరేనని తలూపావు కూడా.”

“ఆవముద్ద గొడవ వదిలెయ్యండి. నాన్నా, నీ పిట్టల లెక్క కాగితం చూశాను. పడమటి రెల్లు దగ్గర మిడతపిట్టకి సున్నా వేశావేంటి?”

“సున్నా ఉంటే సున్నానే వేస్తారు, తూవా.”

“పొద్దున చెక్కబాట మీద నీ పక్కనే నడిచాను కదా. కీచురాయి గొంతుతో ఆపకుండా పాడుతున్నాయి. నాలుగు చోట్ల. నీ చెయ్యి పట్టుకుని అటు తిప్పాను కూడా.”

“తిప్పితే ఏం కనిపించింది? రెల్లు.”

“అది కనిపించే పిట్టా? చెవితోనే లెక్కపెట్టాలని నాకు ఏడేళ్ళప్పుడు నేర్పింది నువ్వే.”

“నువ్వు విన్నవి మిడతలు.”

“మే నెలలో మిడతలా? ఇంకా పొద్దుటిపూట గడ్డి మీద మంచు పేరుకుంటోంది.”

“ముప్పై ఒక్క వసంతాలు ఈ లెక్క రాశాను. నా కాగితం మీద ఇంతవరకు ఎవరూ వేలు పెట్టలేదు.”

“అదే నా భయం. నువ్వు మొదటి సున్నా వేసిన ఏడాదే మునిసిపాలిటీ వాళ్ళు ఆ వైపు పడవల్ని రానిచ్చారు. వరసగా నాలుగేళ్ళు సున్నా పడితే రెల్లంతా కోసి రేవు కట్టుకోవచ్చట. ఇది నాలుగోది, నాన్నా.”

“లేని పిట్టకి రెల్లెందుకు?”

“అమ్మా, నువ్వు ప్రతి ఏడూ నాన్న వెనకాలే వెళ్తావుగా. నీకూ వినబడలేదా?”

“సూప్ చల్లారిపోతోంది.”

“అమ్మా.”

“మొదటి ఏడాది చెప్పాను. అదిగో పాడుతోంది అన్నాను. పిట్టల సంఘం వాళ్ళందరి ముందూ మీ నాన్న ఏమన్నాడో తెలుసా? మా ఆవిడకి కాఫీ మరిగినా పిట్టపాటే అన్నాడు.”

“సరదాకి అన్నాను.”

“అవును. అందరితో పాటు నేనూ నవ్వాను. తర్వాత ఇంకేమీ చెప్పలేదు.”

“నాన్నా, ఇందులో సిగ్గేముంది? వయసు పైబడితే ముందు పోయేవి ఆ సన్నటి గొంతులే. ఒకసారి చెవులు చూపించుకో.”

“చూపించుకున్నాడు.”

“మాయ్‌బ్రిట్, వద్దు.”

“మొదటి సున్నా వేసిన ఏడే చూపించుకున్నాడు. డాక్టరు రాసిచ్చింది చలికోటు జేబులో దొరికింది. చదివి, మళ్ళీ అక్కడే పెట్టేశాను.”

“అంటే... నీకు తెలుసా, నాన్నా? తెలిసే రాస్తున్నావా?”

“స్వయంగా విన్నది తప్ప రాయకూడదు. నేను విన్లేదు. రాయలేదు. ఎవరో విన్నారని రాస్తే అది దొంగలెక్క.”

“వినలేకపోతున్నానని రాయొచ్చుగా. ఇంకొకరికి అప్పగించొచ్చుగా.”

“ఎవరికి? నిన్నగాక మొన్న దుర్భిణీ కొనుక్కున్నవాళ్ళకా? సిక్స్‌టెన్‌కి చెవుడు, పాపం, అని సంఘంలో నా భుజం తడతారు. అది చూడాలని ఉందా నీకు?”

“పిట్టలు పోయినా ఫర్వాలేదన్నమాట. నీ చెవులు పోయాయని తెలియకూడదు.”

“చాలు. ఇద్దరూ వినండి. తినడం కాగానే ఆ కాగితం నేనే తీసుకెళ్ళి మునిసిపాలిటీకి పోస్టులో వేస్తాను. సున్నాతోనే. ఈ బల్ల దగ్గర ఇక దాని ఊసొద్దు.”

“వెయ్యి, సిక్స్‌టెన్. నాది పొద్దున మనం రెల్లు నుంచి తిరిగొచ్చాక వేసొచ్చాను, మీరిద్దరూ స్నానాలు చేస్తుండగా.”

“నీది ఏమిటి?”

“నా లెక్క. నువ్వు మొదటి సున్నా వేసిన ఏడాది పదకొండు పిట్టలు. తర్వాత పడవలొచ్చాయి, ఎనిమిది. పోయినేడాది ఆరు. ఇవాళ నాలుగు. ప్రతిదీ స్వయంగా విన్నదే. విని కూడా ఇన్నేళ్ళు నోరు మూసుకున్నానని అడుగున రాసి, సంతకం పెట్టాను.”