నేను పారబోసిన కణాలు

సభకు పెద్దగా కూర్చున్న మా ప్రిన్సిపాల్ వెంకటకృష్ణయ్య గారికి, తలమీది మైసూరు పేటా ఎక్కడ జారుతుందోనని మెడ తిప్పకుండా కూర్చున్న నేటి పెళ్లికొడుకు డాక్టర్ భీమప్ప గారికి, వారి శ్రీమతి సిద్దక్క గారికి, మిత్రులకు, ముందు వరుసలో తల వంచుకొని కూర్చున్న మా బిందుశ్రీకి ఈ మాణిక్యం నమస్కారం. కన్నడలో మాట్లాడమని ఎవరో చెప్పారు. పొగడ్తలు కన్నడలోనూ వస్తాయి గానీ, కుళ్లు మాత్రం నాకు తెలుగులోనే వస్తుంది. (నవ్వులు)

నవ్వకండి, నిజమే చెబుతున్నాను. బిందుశ్రీ ఎందుకు తల ఎత్తడం లేదో ఈ హాల్లో సగం మందికి తెలుసు. ఆమె పీహెచ్‌డీ సగంలో ఉంది, గైడు భీమప్ప గారేమో ఈ రోజుతో రిటైరవుతున్నారు. డిపార్ట్‌మెంటులో ఇక గైడుగా ఉండదగినది నేనొక్కదాన్నే. నేను కాదంటే ఆ పిల్ల ఇన్నేళ్ల పని వదిలేసి వేరే విషయంతో మొదలుపెట్టాలి. వచ్చి అడిగింది. "చూద్దాం" అన్నాను. ఎందుకలా అన్నానంటే, అసూయ వల్ల.

భీమప్ప గారి ల్యాబుకూ నా ల్యాబుకూ మధ్య ఒక్కటే గోడ. తలకు దెబ్బ తగిలితే మెదడులో ఏమవుతుందన్నదే ఇద్దరి పనీ. నేను న్యూరాన్ల మనిషిని. ఎలుక మెదడు ముక్కను విడదీసి, మిషన్లో గిర్రున తిప్పి, న్యూరాన్లను వేరు చేసుకొని, మిగిలిన సహాయక కణాలను బియ్యం కడిగిన నీళ్లలా పారబోసేదాన్ని. ఒకరోజు ఈయన మంచు డబ్బా పట్టుకొని గుమ్మంలో నిలబడి, "ఏం మేడమ్, అది పారేస్తాండారా? పారేసేదైతే నాకియ్యండి" అన్నారు. పారేసేదానికి ఎవరు పిసినారితనం చూపిస్తారు? ఇచ్చాను. ఆపైన "సార్, మీ చెత్త తయారు" అని నేనే కబురు పంపేదాన్ని.

ఆ చెత్తలో ఆయనకు దొరికిందేమిటో వినండి. అవి న్యూరాన్లకు వండిపెట్టే కణాలు. వాటిలో పొయ్యిల్లాంటివి మైటోకాండ్రియాలు. తలకు గట్టి దెబ్బ తగిలాక ఆ పొయ్యిలు ఉబ్బి, ముక్కలు ముక్కలై, మంట తగ్గిపోతుంది. ఇక న్యూరాన్ల చుట్టూ మితిమీరి పేరుకునే రసాయనాన్ని ఎత్తిపోసే ఓపిక ఆ కణాలకు ఉండదు. దెబ్బకు చావని న్యూరాన్ కూడా ఆదరువు లేక తర్వాత కుంగిపోవచ్చు. నేనేమో చచ్చిన న్యూరాన్‌ను పట్టుకొని "ఎందుకు చచ్చావే తల్లీ" అని అడుగుతూ కూర్చున్నాను, జవాబును నా చేత్తోనే గోడ దాటించి! పేపరు అచ్చయిన రోజు ఈయన మైసూరుపాకు పంచారు. తిన్నాను. గొంతు దిగితే ఒట్టు. (నవ్వులు)

పోనీ, పేషెంట్లయినా నా మాట వింటారా? సిరిగేరి నుంచి ఎల్లక్క మొగుణ్ణి ఓపీకి తీసుకొచ్చింది, ట్రాక్టరు మీదనుంచి పడ్డ మనిషి. నన్నే అడిగింది: "స్కానింగులో ఏమీ లేదంటిరి గదమ్మా, మరి ఈయప్ప ఏందికిట్లుండాడు? పొద్దున చెప్పింది మాపటికి యాది ఉండదు, ఊరికే రేగిపోతాండాడు." నేను నోరు తెరిచేలోగా పక్క కుర్చీలోంచి ఈయన అందుకున్నారు. "ఎల్లక్కా, ఇంట్లో వండేటోళ్లు మంచమెక్కితే సంపాదిచ్చేటోడు ఎన్నాళ్లు నిలబడతాడు? ఈయప్ప తలకాయలో వండేటోళ్లకు దెబ్బ తగిలుండాదని అనుకుంటాండాం. అంత సన్నవి ఫోటోలో పడవు. నువ్వు కోపం చేసుకోవద్దు, బాగా నిద్రపోనీ."

"వండేది నేనే గదప్పా, నాకు తెలీదా!" అంది ఎల్లక్క, వచ్చినప్పటినుంచీ మొదటిసారి నవ్వుతూ. నా వైపు మళ్లీ చూడలేదు. ఇందాక మీకు చెప్పిన వంట పోలిక కూడా ఆయనదే. నాకంటూ పోలికైనా మిగల్లేదు.

ఇక బిందుశ్రీ. మొదట నా దగ్గర చేరిన పిల్ల. ఏడాది తిరక్కుండానే "మేడమ్, నేను ఆ కణాలే చూస్తాను" అని గోడ దాటింది. కణాలు పోతే పోయాయి, బంగారంలాంటి పిల్ల కూడా పోయె! ఇప్పుడు ఆమె చూస్తున్నదేమిటో తెలుసా? ఆ సహాయక కణాలు తామే దెబ్బతిని ఉండి కూడా, బాగున్న మైటోకాండ్రియాలను కొన్ని పక్క న్యూరాన్‌కు అందిస్తాయా అని. అంత మంచి బుద్ధి నాకు దేవుడు పెట్టలేదు.

ఈ పిల్లను చూసుకోండని భీమప్ప గారు నన్ను ఒక్కసారీ అడగలేదు. అడిగుంటే కాదనేదాన్ని. అది కూడా తెలుసు ఈ మనిషికి! (నవ్వులు)

బిందుశ్రీ, తల ఎత్తమ్మా. గైడుగా నేనుంటాను. చప్పట్లు కొట్టకండి, ఇంకా అయిపోలేదు. ఆ కణాలతో నాకు చేతనైంది పారబోయడం ఒక్కటే. సోమవారం పొద్దున నా ల్యాబుకు రా. వాటిని బతికించి ఉంచుకోవడం ఎట్లాగో నాకు నేర్పు.

ఇంతసేపు విన్న మీకందరికీ, మధ్యలో ఒక్క మాటైనా అడ్డు చెప్పని భీమప్ప గారికి కృతజ్ఞతలు. సార్, మీ మీద కుళ్లు ఈ రోజుకూ పోలేదు. రేపటినుంచి గోడకు అవతల మీ గొంతు వినబడదంటే మాత్రం నాకు ఏడుపొస్తోంది.

సెలవు.